బొగ్గుబాయి ఊళ్లలో బడి

సింగరేణి ప్రాంతంలో పాఠశాల విద్య చరిత్ర బొగ్గుబాయిల చరిత్ర వెంటే నడిచింది. బాయి తెరిచిన చోట కార్మికులు చేరారు, కార్మికుల వెనుక కుటుంబాలు వచ్చాయి, పిల్లలు పెరిగాక బడి అవసరమైంది. వ్యవసాయ గ్రామాల్లో తరాల తరబడి ఉన్న వీధిబడి, అయ్యవారి బడి ఇక్కడి కొత్త బస్తీల్లో లేవు. అందుకే బడి ఎవరు పెట్టాలి, ఎవరు నడపాలి, అందులో ఏం చెప్పాలి అన్న మూడు ప్రశ్నలూ ఈ ప్రాంతంలో మొదటి నుంచీ ముడిపడి ఉన్నాయి. సింగరేణి బొగ్గు కంపెనీ ఒక జవాబు చెప్పింది, ప్రభుత్వం మరొకటి చెప్పింది, ప్రైవేటు యాజమాన్యాలు మూడోది చెప్పాయి. ఈ ప్రాంతంలోని గోదావరిఖని, రామగుండం పిల్లల చదువు ఈ మూడింటి మధ్య చీలిపోయింది.

1871లో భారత భూగర్భ సర్వే సంస్థకు చెందిన విలియం కింగ్ ఇల్లెందు ప్రాంతంలోని సింగరేణి గ్రామం దగ్గర బొగ్గు నిక్షేపాలను గుర్తించాడు. 1886లో ఇంగ్లండులో నమోదైన హైదరాబాద్ దక్కన్ కంపెనీ తవ్వకం హక్కులు పొందింది. 1889లో ఇల్లెందులో తవ్వకం మొదలైంది. 1920లో కంపెనీకి సింగరేణి కాలరీస్ అన్న పేరు వచ్చింది. 1945లో నిజాం ప్రభుత్వం అధిక వాటాలు కొనడంతో అది ప్రభుత్వ యాజమాన్యంలోకి చేరింది. ఆ కాలపు కార్మికుల్లో చదువుకున్నవారు చాలా అరుదు. హైదరాబాద్ రాజ్యమంతటా పరిస్థితి అలాగే ఉండేది. 1951 జనాభా లెక్కల నాటికి కూడా రాష్ట్ర అక్షరాస్యత పది శాతానికి చేరలేదు.

అప్పటి విద్యావిధానం కూడా దానికి ఒక కారణం. ఉన్నత పాఠశాల చదువు ప్రధానంగా ఉర్దూలో సాగేది. 1918లో ప్రారంభమైన ఉస్మానియా విశ్వవిద్యాలయం బోధనా భాష ఉర్దూయే. తెలుగు పిల్లవాడు ప్రాథమిక తరగతులు దాటి పైకి పోవాలంటే ఇంట్లో ఎవరూ మాట్లాడని భాషలో లెక్కలూ చరిత్రా నేర్చుకోవాలి. 1920 దశకంలో ఖాన్గీ (ప్రైవేటు) పాఠశాలలకు ముందస్తు అనుమతి తప్పనిసరి చేయడంతో ప్రజలు సొంతంగా నడుపుకునే తెలుగు బడులు పెద్ద ఎత్తున మూతపడ్డాయి. గ్రంథాలయోద్యమం, ఆంధ్ర మహాసభ తెలుగు బడి కోసం పోరాడింది ఈ నేపథ్యంలోనే. 1948లో నిజాం పాలన ముగిశాక బోధన తెలుగులోకి మారింది. ఆ మార్పు తేలికగా జరగలేదు. ఉర్దూలో చదివి ఉర్దూలో పాఠం చెప్పడానికి అలవాటుపడ్డ ఉపాధ్యాయుడు తెలుగు పుస్తకం పట్టుకోవలసి వచ్చింది. శిక్షణ పొందిన తెలుగు ఉపాధ్యాయుల కొరత తెలంగాణ జిల్లాలను చాలా కాలం వెంటాడింది.

బొగ్గు కార్మికుల పిల్లల చదువుకు ఒక ముఖ్యమైన చట్టబద్ధ ఆధారం బొగ్గు గనుల కార్మిక సంక్షేమ నిధి చట్టం, 1947. బొగ్గు మీద వసూలు చేసిన సెస్సును కార్మికుల ఇళ్లకు, వైద్యానికి, చదువుకు ఖర్చుపెట్టాలని అది నిర్దేశించింది. ఈ నిధి కింద గని ప్రాంతాల్లో వయోజన విద్యా కేంద్రాలు, స్త్రీలకూ పిల్లలకూ కేంద్రాలు నడిచాయి. అందులో ఒక ముఖ్యమైన గుర్తింపు ఉంది. బొగ్గు తవ్వినవాడి పిల్లల చదువు ఖర్చు ఆ బొగ్గు మీదే పడాలన్నది ఆ గుర్తింపు. తర్వాతి దశాబ్దాల్లో ఈ సూత్రం పేర్లు మార్చుకుంటూ వచ్చింది గానీ పూర్తిగా పోలేదు.

రామగుండం ప్రాంతంలో తవ్వకాలు 1960 దశకం మొదట్లో ఊపందుకున్నాయి. అంతకుముందు అది గోదావరి ఒడ్డున అడవులు, పొలాలు ఉన్న ప్రాంతం. ఒకటో ఇంక్లైన్, రెండో ఇంక్లైన్ అంటూ వాలుగా దిగే బాయిలు వరుసగా తెరిచారు. కరీంనగర్, వరంగల్, ఆదిలాబాద్ పల్లెల నుంచి, ఉత్తరాది రాష్ట్రాల నుంచి కూడా జనం వచ్చారు. కంపెనీ కట్టిన క్వార్టర్లు అందరికీ సరిపోలేదు. క్వార్టరు దొరకని వాళ్లు బాయిల చుట్టూ గుడిసెలు వేసుకున్నారు. ఈ రెండు రకాల నివాసాల తేడా బడుల్లోనూ కనిపించింది. కాలనీలో కంపెనీ బడి ఉండేది. గుడిసెల బస్తీలో పిల్లలు ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలకు పోవాలి, అది దగ్గరలో ఉంటే.

ప్రభుత్వ బడుల పరిపాలన అప్పుడే ఒక మలుపు తిరిగింది. 1959 నాటి పంచాయతీ సమితులు, జిల్లా పరిషత్తుల చట్టంతో అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ప్రాథమిక పాఠశాలలు సమితుల కిందికి, ఉన్నత పాఠశాలలు జిల్లా పరిషత్తుల కిందికి వచ్చాయి. నేరుగా ప్రభుత్వం నడిపే ఉన్నత పాఠశాలలు వేరుగా మిగిలాయి. ఫలితంగా ఒకే ఊళ్లో ఒకే పాఠం చెప్పే ఇద్దరు ఉపాధ్యాయులు వేర్వేరు యాజమాన్యాల ఉద్యోగులయ్యారు. వారి సీనియారిటీ, పదోన్నతుల లెక్కలు వేరయ్యాయి. ఏకీకృత సర్వీసు నిబంధనల వివాదం ఇక్కడే మొదలై దశాబ్దాలు సాగింది. 2017లో రాష్ట్రపతి ఉత్తర్వులు వచ్చినా మరుసటి ఏడాది హైకోర్టు వాటిని కొట్టివేసింది. ఈ వివాదాన్ని ఉపాధ్యాయ సంఘాల సొంత వ్యవహారంగా చూడడం పొరపాటు. మండల విద్యాధికారుల పోస్టులు ఏళ్ల తరబడి ఖాళీగా ఉండడానికీ, ఒక్కో ప్రధానోపాధ్యాయుడు రెండు మూడు మండలాల బాధ్యత మోయడానికీ ఇదే ప్రధాన కారణం. బడిని నెలకోసారైనా వచ్చి చూసే అధికారి లేనప్పుడు ఏ సంస్కరణ అయినా కాగితం మీదే ఆగిపోతుంది.

1969 ఈ ప్రాంతపు విద్యార్థులకు మరిచిపోలేని సంవత్సరం. పాల్వంచలోని కొత్తగూడెం థర్మల్ విద్యుత్ కేంద్రంలో స్థానికుల ఉద్యోగాల సమస్య నుంచి రేగిన ఆందోళన తెలంగాణ అంతటా పాకింది. బడులు, కాలేజీలు నెలల తరబడి మూతపడి విద్యార్థులు ఒక ఏడాది నష్టపోయారు. రాష్ట్రంలో పాత చదువుల నిర్మాణం మారింది కూడా ఆ కాలంలోనే. పదో తరగతితో ఎస్సెస్సీ ముగిసి, ఆపైన రెండేళ్ల ఇంటర్మీడియట్ వచ్చింది. పదో తరగతి బోర్డు పరీక్ష కార్మిక కుటుంబాల్లో ఒక పెద్ద గీతగా నిలిచింది. దాన్ని దాటినవాడు చదువుకున్నవాడు, దాటనివాడు బాయికి పోయేవాడు అన్న లెక్క స్థిరపడింది.

కంపెనీ తన బడులను సింగరేణి కాలరీస్ ఎడ్యుకేషనల్ సొసైటీ ద్వారా నడుపుతూ వచ్చింది. కొత్తగూడెంలో మహిళా కళాశాల, మంచిర్యాల దగ్గర నస్పూర్‌లో పాలిటెక్నిక్, ప్రధాన బొగ్గు పట్టణాల్లో ఉన్నత పాఠశాలలు ఈ సొసైటీవే. మైనింగ్ ఇంజనీరింగ్ కోసం కొత్తగూడెంలో స్కూల్ ఆఫ్ మైన్స్ వెలిసి, తర్వాత కాకతీయ విశ్వవిద్యాలయ కళాశాలగా నడిచింది. కంపెనీ బడులకు కొన్ని సౌకర్యాలు సహజంగానే ఉండేవి. పక్కా భవనం, ఆటస్థలం, నీళ్లు, కరెంటు, కాలనీలోనే కాపురముండే ఉపాధ్యాయులు వాటిలో ముఖ్యమైనవి. బడి వేళకు టీచరు రావడం, పరీక్షలు వేళకు జరగడం అనే మామూలు విషయాలు ఆ రోజుల్లో మామూలు కావు. కంపెనీ బడులు మంచి పేరు తెచ్చుకోవడానికి పాఠ్యప్రణాళిక కారణం కాదు, అది అందరికీ ఒకటే. తేడా అంతా రోజువారీ నిర్వహణలోనే ఉంది.

అయితే చదువు మీద కార్మిక కుటుంబాల ఆలోచనను నిర్ణయించింది బడి కంటే ఎక్కువగా బాయిలో దొరికే ఉద్యోగమే. 1960, 70 దశకాల్లో ఫిల్లర్, ట్రామర్, టింబర్‌మన్ పనులకు అక్షరం ముక్క అవసరం లేదు. బొగ్గు తట్టలకెత్తి టబ్బులు నింపే బలం ఉంటే చాలు. దానికి తోడు వారసత్వ ఉద్యోగాల పద్ధతి స్థిరపడింది. తండ్రి అన్‌ఫిట్ అయినా, ముందే దిగిపోయినా కొడుకు బదిలీ ఫిల్లర్‌గా చేరేవాడు. తండ్రి ఉద్యోగం తనదేనని తెలిసిన పిల్లవాడికి బీజగణితం మీద ఆసక్తి కలిగించడం ఏ ఉపాధ్యాయుడికైనా కష్టమే. కుటుంబం వైపు నుంచి చూస్తే ఆ లెక్క తప్పు కాదు. పదో తరగతి పాసైనవాడికి బయట దొరికే జీతం కంటే బాయి జీతం ఎక్కువ, పైగా స్థిరమైనది. బొగ్గు ప్రాంతంలో మగపిల్లలు ఎనిమిది, తొమ్మిది తరగతుల్లో బడి మానేయడాన్ని తల్లిదండ్రుల అజ్ఞానంగా కొట్టిపారేసిన వాళ్లు ఈ సంగతి గమనించలేదు.

ఇంటి పరిస్థితి కూడా చదువుకు అనుకూలం కాదు. తండ్రి మొదటి షిఫ్టుకు పోతే తెల్లవారుజామునే ఇల్లు లేస్తుంది. రాత్రి షిఫ్టు చేసివస్తే పగలంతా నిద్రపోవాలి, ఒకటి రెండు గదుల క్వార్టర్లో పిల్లలు చప్పుడు చేయకూడదు. వారం వారం షిఫ్టు మారుతుంటే పిల్లవాడి చదువు వేళ కూడా మారుతుంది. బడిలో చదవడానికి, హోంవర్కు చేసుకోవడానికి అదనపు గంటలు కల్పించడం ఇతర ప్రాంతాల్లో ఒక సౌకర్యం అయితే, ఇక్కడ అది అవసరం. ప్రభుత్వ పథకాల్లో ఈ స్థానిక అవసరం ఎక్కడా విడిగా కనిపించదు.

చదువు విలువ బాయి లోపలి నుంచే పెరగడం మొదలైంది. 1952 గనుల చట్టం, దాని కింద వచ్చిన నిబంధనలు కొన్ని పనులకు పరీక్షలూ సర్టిఫికెట్లూ తప్పనిసరి చేశాయి. గ్యాస్ టెస్టింగ్, సర్దార్, ఓవర్‌మన్ సర్టిఫికెట్లకు చదవడం రాయడం రావాలి, నివేదికలు నింపాలి. 1966 నాటి గనుల వృత్తి శిక్షణ నిబంధనల ప్రకారం కొత్తగా చేరినవాళ్లకు శిక్షణ ఇవ్వడానికి ప్రతి ఏరియాలో వృత్తి శిక్షణ కేంద్రం (వీటీసీ) ఏర్పడింది. కార్మికుల్లో చాలామందికి తరగతి గది మళ్లీ ఎదురైంది అక్కడే. 1983లో గోదావరిఖని 7వ ఇంక్లైన్‌లో లాంగ్‌వాల్ యంత్రాలు దిగాయి. తర్వాత బొగ్గు ఎత్తే ఎస్‌డీఎల్, ఎల్‌హెచ్‌డీ యంత్రాలు వచ్చాయి. 2014లో అడ్రియాల లాంగ్‌వాల్ ప్రారంభమైంది. పైపొర తొలగించి తవ్వే ఓపెన్‌కాస్టుల్లో షావెళ్లు, డంపర్లు పనిచేస్తున్నాయి. తట్టా చెమ్మస్ (పార) పట్టి బొగ్గు నింపే పని పోయి ఎలక్ట్రీషియన్, ఫిట్టర్, ఆపరేటర్ పనులు ముందుకొచ్చాయి. ఐటీఐ సర్టిఫికెట్ విలువ పెరిగింది. పిల్లలకు సైన్సు, లెక్కలు ఎందుకు అన్న ప్రశ్నకు బాయే జవాబు చెప్పింది.

ఇదే కాలంలో రామగుండం చుట్టూ వేరే పరిశ్రమలు వచ్చాయి. 1971లో రాష్ట్ర విద్యుత్ సంస్థ బి-థర్మల్ కేంద్రం నడిచింది. 1980లో ఎరువుల కర్మాగారం ఉత్పత్తి మొదలుపెట్టింది. 1983లో ఎన్టీపీసీ మొదటి యూనిట్ వచ్చింది. ఈ సంస్థల టౌన్‌షిప్పుల్లోకి దేశమంతటి నుంచీ ఇంజనీర్ల కుటుంబాలు వచ్చాయి. వారి పిల్లల కోసం కేంద్రీయ విద్యాలయం, ఇంగ్లిష్ మీడియం బడులు వెలిశాయి. కొద్ది కిలోమీటర్ల దూరంలో మూడు నాలుగు రకాల చదువులు పక్కపక్కన నడిచాయి. సింగరేణి కార్మికుడు తన పిల్లల చదువును మొదటిసారి పొరుగువారి చదువుతో పోల్చి చూసుకున్నది ఈ కాలంలోనే. 1999లో ఎరువుల కర్మాగారం మూతపడి, టౌన్‌షిప్పు కుటుంబాలు చెదిరిపోయినా ఇంగ్లిష్ మీడియం మీద మోజు తగ్గలేదు.

బోధన పద్ధతుల్లో చెప్పుకోదగ్గ మొదటి పెద్ద ప్రయత్నం ఆంధ్రప్రదేశ్ ప్రాథమిక విద్యా పథకం. బ్రిటిష్ ప్రభుత్వ సాయంతో 1980 దశకం మధ్యలో కొన్ని బడుల్లో ప్రయోగాత్మకంగా మొదలై, తర్వాత రాష్ట్రమంతటా విస్తరించిన ఈ పథకం ఉపాధ్యాయుడి పనిని మార్చడానికి పూనుకుంది. అంతవరకు పాఠం అంటే టీచరు చదవడం, పిల్లలు ముక్తకంఠంతో తిరిగి చెప్పడం, నల్లబల్ల మీది జవాబు నోటుపుస్తకంలోకి దించుకోవడం. దాని స్థానంలో పథకం ఆరు సూత్రాలు పెట్టింది. పిల్లలు పని చేస్తూ నేర్చుకోవాలి, ఒంటరిగానూ గుంపులుగానూ తరగతి మొత్తంగానూ పని చేయాలి, పిల్లల మధ్య తేడాలను లెక్కలోకి తీసుకోవాలి, కృత్యాలు ఉపాధ్యాయుడే తయారు చేయాలి, చుట్టూ ఉన్న పరిసరాన్ని పాఠంలోకి తేవాలి, పిల్లల పనులు గోడల మీద కనిపించాలి. కొన్ని బడుల ఉపాధ్యాయులు ఉపాధ్యాయ కేంద్రంలో కలిసి, తమ కృత్యాలను ఒకరికొకరు చూపించుకునే ఏర్పాటు కూడా చేసింది.

ఈ సూత్రాల్లో పరిసరాల సూత్రం బొగ్గు ప్రాంతానికి ఎంత సరిపోతుందో వేరే చెప్పనక్కర్లేదు. రాతి పొరలు, శిలాజ పత్రాల ముద్రలు, బరువు, వాలు, గాలి మార్గం, వాయువులు, గోదావరి నీళ్లు, టబ్బుల లెక్క, షిఫ్టుల కాలమానం, ఇవన్నీ పిల్లవాడి ఇంటి మాటలు. గనిలో ఇంక్లైన్ వాలు ఎంత అన్న ప్రశ్నతో త్రికోణమితి ఎంతో తేలికగా మొదలవుతుంది. గోండ్వానా శిలల గురించి ప్రపంచంలో ఎక్కడి పిల్లలైనా పుస్తకంలో చదువుతారు, గోదావరి లోయ పిల్లలు మాత్రం వాటి మీద నడుస్తారు. అయినా రాష్ట్రమంతటికీ ఒకే పాఠ్యపుస్తకం, ఒకే ప్రశ్నపత్రం ఉన్న వ్యవస్థలో స్థానిక పాఠానికి పరీక్షలో మార్కుల్లేవు. మార్కుల్లేని పాఠం ఎంత మంచిదైనా నిలబడలేదు. కృత్యాధార బోధన చిన్న తరగతుల్లో కొంత పాతుకుని, పై తరగతుల్లోకి వెళ్లేకొద్దీ మాయమవడానికి అసలు కారణం ఇదే.

1996లో జిల్లా ప్రాథమిక విద్యా కార్యక్రమం, అందరూ డీపెప్ అని పిలిచేది, ఆంధ్రప్రదేశ్‌లో మొదట ఐదు జిల్లాల్లో అడుగుపెట్టింది. కర్నూలు, నెల్లూరు, విజయనగరం, వరంగల్‌తో పాటు కరీంనగర్ కూడా వాటిలో ఉంది. అప్పుడు రామగుండం కరీంనగర్ జిల్లాలోనిది. డీపెప్ కొత్త గదులు కట్టింది, మండల రిసోర్స్ సెంటర్లు పెట్టింది, బడికి ఏటా రూ.2000, టీచరుకు బోధనోపకరణాల కోసం రూ.500 గ్రాంటు ఇచ్చింది. మొత్తం చిన్నదే. కానీ సుద్దముక్క కొనడానికి కూడా పైఅధికారి సంతకం కోసం ఎదురుచూసిన ఉపాధ్యాయుడి చేతికి సొంతంగా ఖర్చు చేసుకునే డబ్బు రావడం కొత్త అనుభవం. 1998 చట్టంతో తల్లిదండ్రులు సభ్యులుగా పాఠశాల విద్యా కమిటీలు వచ్చాయి. కార్మిక సంఘాల్లో మీటింగులు, మినిట్స్, సంతకాలు అలవాటైన ఈ ప్రాంతపు తల్లిదండ్రులకు కమిటీ పని కొత్తది కాదు. అయినా రెండో షిఫ్టుకు పోయే తండ్రి పగటి మీటింగుకు ఎలా వస్తాడన్న చిన్న విషయం చాలాచోట్ల పెద్ద అడ్డంకి అయింది.

ఉపాధ్యాయుల నియామకాల్లో ప్రభుత్వం చూపిన పొదుపు మాత్రం బడులను దెబ్బతీసింది. 1980 దశకంలో నెలకు రూ.398 వేతనంతో ప్రత్యేక ఉపాధ్యాయులను తీసుకున్నారు. 1990 దశకం చివర విద్యా వలంటీర్లు వచ్చారు. వారిలో చాలామంది మనసు పెట్టి పాఠాలు చెప్పారు. వారి సేవను తాత్కాలికంగానే చూసిన విధానం వల్ల శిక్షణ, అనుభవం బడిలో పోగుపడలేదు. ఒక పద్ధతి నేర్చుకున్న టీచరు వెళ్లిపోగానే ఆ పద్ధతీ వెళ్లిపోయేది.

1990 దశకం సింగరేణికి కష్టకాలం. 1992లో కంపెనీ నష్టాల్లో ఉన్న పరిశ్రమల పునరుద్ధరణ బోర్డు (బీఐఎఫ్ఆర్) తలుపు తట్టింది. లక్షకు పైగా ఉన్న కార్మికుల సంఖ్య తగ్గడం మొదలై, ఇప్పుడు 40 వేల చుట్టూ ఉంది. కొత్త నియామకాలు ఆగాయి, వారసత్వ ఉద్యోగాలకూ తలుపు మూసుకుంది. ఆ నిర్ణయం వేలాది కుటుంబాలను కుంగదీసింది, దాని మీద ఏళ్ల తరబడి పోరాటం నడిచింది. చదువు కోణంలో దాని ఫలితం వేరు. బాయి ఉద్యోగం ఖాయం కాదని తెలిసిన తల్లిదండ్రులు పిల్లల చదువు మీద జీతంలో పెద్ద భాగం పెట్టడం మొదలుపెట్టారు. గోదావరిఖనిలో ప్రైవేటు ఇంగ్లిష్ మీడియం బడులు గల్లీ గల్లీకీ వచ్చాయి. కార్మికుల పిల్లలు ఇంజనీరింగ్ కాలేజీలకు, అక్కడి నుంచి హైదరాబాద్‌కు, విదేశాలకు వెళ్లారు. వారసత్వం ఆగిన తర్వాతే బడి నిజంగా బలపడిందని చెప్పడం కటువుగా వినిపిస్తుంది గానీ ఈ ప్రాంతపు అనుభవం ఆ వైపే చూపిస్తోంది. 2018 నుంచి కారుణ్య నియామకాల పేరుతో ఆ పద్ధతి తిరిగి వచ్చింది. ఈసారి ఉద్యోగంలో చేరుతున్న వారిలో డిగ్రీలు, బీటెక్‌లు చదివినవారు కూడా ఉన్నారు.

ఆడపిల్లల కథ మొదటి నుంచీ వేరు. చట్టం స్త్రీలను భూగర్భ గనుల్లోకి అనుమతించలేదు, వారసత్వ ఉద్యోగం కొడుకుకో అల్లుడికో పోయేది. చదువు వల్ల బాయిలో ఏమీ రాదు కాబట్టి ఆడపిల్లను బడి మాన్పించిన ఇళ్లున్నాయి. బాయి లేదు కాబట్టి చదువే దిక్కని పంపిన ఇళ్లూ ఉన్నాయి. 2019 జనవరిలో కేంద్రం భూగర్భ గనుల్లో సాంకేతిక, పర్యవేక్షక, మేనేజ్‌మెంట్ పనులకు పగటి వేళ స్త్రీలను తీసుకోవచ్చని నోటిఫికేషన్ ఇచ్చింది. ఇప్పుడు బొగ్గు ప్రాంతపు ఆడపిల్లలు మైనింగ్ ఇంజనీరింగ్ చదివి బాయిలోకి దిగుతున్నారు. పాఠశాల స్థాయిలో ఆడపిల్లలకు లెక్కలు, భౌతికశాస్త్రం చెప్పే తీరు దీనికి తగ్గట్టు మారవలసి ఉంది.

విద్యాహక్కు చట్టం 2010 ఏప్రిల్ 1 నుంచి అమలులోకి వచ్చింది. 2011 రాష్ట్ర విద్యాప్రణాళిక చట్రం ఆధారంగా కొత్త పాఠ్యపుస్తకాలు వచ్చాయి, నిరంతర సమగ్ర మూల్యాంకనం మొదలైంది. 2015 మార్చిలో పదో తరగతి విద్యార్థులు 80 మార్కుల బోర్డు పరీక్ష, 20 మార్కుల అంతర్గత మూల్యాంకనంతో పరీక్ష రాశారు. ప్రాజెక్టులు పిల్లలు చేయాలని ఉద్దేశించిన ఈ 20 మార్కులు చాలాచోట్ల కొన్న చార్టుల మార్కులయ్యాయి. ప్రశ్న మారింది గానీ, ప్రశ్నకు సొంతంగా ఆలోచించి జవాబు రాయించే తీరిక నలభై యాభై మంది ఉన్న తరగతిలో టీచరుకు దొరకలేదు.

2016 అక్టోబరులో పెద్దపల్లి జిల్లా ఏర్పడడంతో విద్యా పరిపాలన దగ్గరైంది. 2022లో మన ఊరు మన బడి, పట్టణాల్లో మన బస్తీ మన బడి పేరుతో భవనాల మరమ్మతులు జరిగాయి. అదే విద్యాసంవత్సరం ప్రభుత్వ బడుల్లో ఒకటి నుంచి ఎనిమిది వరకు ఇంగ్లిష్ మీడియం ప్రవేశపెట్టారు. ప్రాథమిక తరగతుల్లో చదవడం, రాయడం, లెక్కలు గట్టిపడేందుకు తొలిమెట్టు కార్యక్రమం మొదలైంది. 2024లో డీఎస్సీ ద్వారా పదివేల మంది కొత్త ఉపాధ్యాయులు నియమితులయ్యారు. ఎన్నో ఏళ్లుగా ఆగిన పదోన్నతులు, బదిలీలు కూడా జరిగాయి. బొగ్గు మీద సెస్సు నుంచి మొదలైన పాత సూత్రం 2015 తర్వాత జిల్లా ఖనిజ నిధి రూపంలో మళ్లీ కనిపిస్తోంది. గనుల ప్రభావిత ప్రాంతాల్లో ఈ నిధిని ఖర్చుపెట్టాల్సిన ప్రాధాన్య రంగాల్లో విద్య ఒకటి.

కంపెనీ వైపు, కార్మికులు తగ్గినకొద్దీ సింగరేణి బడుల్లో పిల్లలూ తగ్గారు. బొగ్గుబాయి పిల్లల చదువు ప్రాథమిక స్థాయి దాటి పైకి పోయినదానికి గుర్తులు వేరేచోట కనిపిస్తాయి. కంపెనీ నిధులతో 2022లో గోదావరిఖనిలో వైద్య కళాశాల ప్రారంభమైంది. అందులో 7 సీట్లు సింగరేణి ఉద్యోగుల పిల్లలకు కేటాయించారు. అంతకుముందే సెంటినరీ కాలనీలో జేఎన్టీయూ ఇంజనీరింగ్ కళాశాల వచ్చింది.

ఈ ఏర్పాట్ల వెలుపల మిగిలిపోయినవారు రెండు వర్గాలు. ఓపెన్‌కాస్టుల్లో మట్టి తీసే పనుల్లో, రవాణాలో ఉన్న కాంట్రాక్టు కార్మికుల పిల్లలు మొదటి వర్గం. ఉద్యోగుల పిల్లల కోటాలు, ఫీజు సౌకర్యాలు వారికి వర్తించవు. కాంట్రాక్టు మారితే కుటుంబం ఊరు మారుతుంది, పిల్లల బడి మధ్యలో తెగుతుంది. మేడిపల్లి, లద్నాపూర్ లాంటి ఊళ్ల నుంచి ఓపెన్‌కాస్టులకు భూములిచ్చిన కుటుంబాల పిల్లలు రెండో వర్గం. ఊరు లేస్తే ఊరి బడి కూడా లేస్తుంది. పునరావాస కాలనీలో ఇంటి పట్టా, నష్టపరిహారం లెక్కలు తేలేలోగా చదువుకునే వయసు గడిచిపోతుంది. పునరావాస ప్రణాళికలో బడి భవనం ఒక పద్దుగా ఉంటుంది గానీ, పాత ఊరి టీచర్లను పిల్లలతో పాటే కొత్త కాలనీకి మార్చాలన్న నిబంధన ఏదీ అందులో ఉండదు.